వేసవిలో ఏమి త్రాగవలెను?

వసంతము ముగియవచ్చి గ్రీష్మము తొంగిచూచు దినములలో గృహిణికి వంటకంటె పానీయమే పెద్ద విచారముగా నుండును. ఇంటిల్లిపాదికిని ఆకలి తగ్గును, దాహము హెచ్చును. మిట్టమధ్యాహ్నమున ఇంటికి వచ్చిన వానికి పంచభక్ష్యములు వడ్డించినను మొగము చిట్లించును. చల్లని గ్లాసొకటి చేతి కందించినచో ప్రాణము లేచివచ్చిన దనును. అయినను వంటను గుఱించి వ్రాయబడినన్ని వ్యాసములు పానీయములను గుఱించి వ్రాయబడుట లేదు. వంట నేర్చుకొనవలసిన విద్య యనియు, త్రాగునది మాత్రము ఎట్లో సమకూడు ననియు మనలో ఒక తలంపు కలదు. ఇది సరికాదని మా యభిప్రాయము. పానీయము నెంచుకొనుటయు ఒక విద్యయే. దానికి ధనము పెద్దగా అక్కఱలేదు. ఋతువు, వేళ, త్రాగువారి దేహస్థితి, చేతిలోని పైకము, ఈ నాలుగింటిని చూచుకొను నేర్పు కావలెను.

ఈ తలంపు మాకు కలుగుటకు ఒక విదేశాచారము కారణమైనది. మా ఆడబిడ్డగారి కుమారుడు కొంతకాలము ఫ్రాన్సు దేశమున నుండి, నిరుడు సెలవులకు మా భీమడోలు వచ్చియుండెను. అచ్చటివారు వైన్ అనబడు ద్రాక్షమద్యమును ఋతువునుబట్టి ఎట్లు మార్చుకొందురో అతడు మాటలలో చెప్పెను. చలికాలమున చిక్కని ఎఱ్ఱని మద్యము పుచ్చుకొందురట. వసంతము ముదిరి ఎండ హెచ్చిన కొలది తెల్లనిదియో, లేతగులాబివన్నె గలదియో, పలుచనిది, కొంచెము పుల్లనిది చల్లబఱచి త్రాగుదురట. పోర్చుగల్లు దేశమున 'పచ్చమద్యము' అను నర్థమిచ్చు పేరుగల లేతరకము ఒకటి కలదట. అందు మత్తు తక్కువ. జర్మనీవారు తెల్లమద్యమున సోడానీరు కలిపి పలుచన చేసికొందురట. ఎండకాలమునకు ఖరీదైన సీసా అక్కఱలేదనియు, పలుచన, పులుపు, చలువ అను మూడు గుణములున్న చాలు ననియు, ఆ గుణములు చౌకరకములందే తఱచుగా నుండు ననియు అచ్చటి గృహస్థుల యనుభవమట. ఇంత చెప్పి, "ఇట్లు ఋతువు చూచి, వెల చూచి ఎంచుకొని త్రాగునది మన కేమున్నది, అత్తయ్యా?" అని యతడు మమ్మడిగెను.

మేము మద్యము నెఱుగము, ఎఱుగగోరము. కాని ఆ దేశపు ఇల్లాలు చూపు వివేకము మెచ్చదగినదే యని మాకు తోచినది. మన యూళ్ళలో 'వైన్స్' అని పలక వ్రేలాడగట్టిన దుకాణములు లేని బజారు లేదు. ఆ లోపల ద్రాక్షమద్యము వెదకినను దొరకుట అరుదు. అమ్ముడుపోవునవి బ్రాందియు, విస్కీయు, బీరును. ద్రాక్షమద్యమున నూటికి పండ్రెండు పాళ్ళ ప్రాంతమున సారముండగా, బ్రాందీ విస్కీలలో నలుబది పాళ్ళకు పైగా నుండును. అది దేహములోని నీటిని మూత్రరూపమున మఱింత వెడలించును. మండుటెండలో పనిచేసి వచ్చిన మనుష్యుడు దాహము తీరునని దానిని త్రాగుట ఆరుచున్న పొయ్యిలో నూనె పోయుటయే.

విచిత్రమేమన, మా మేనల్లుడు ఫ్రాన్సునుండి తెచ్చిన నియమము మన వైద్యగ్రంథములలో బహుప్రాచీనముగా నున్నది. బాల్యమున మా తాతగారు కావ్యములతోపాటు వాగ్భటుని అష్టాంగహృదయములోని ఋతుచర్యాధ్యాయమును మాచే చదివించిరి. ఆ గ్రంథకర్త వసంతమునకు ఆసవములను, అరిష్టములను, ద్రాక్షతోను తేనెతోను చేసిన మద్యములను చెప్పి, వానితోపాటే శొంఠి కాచిన నీటిని, తేనెనీటిని, తుంగముస్తల నీటిని గూడ చెప్పినాడు. గ్రీష్మమునకు వచ్చుసరికి ఆయన మాట మాఱినది. మద్యము త్రాగరాదు, త్రాగినను స్వల్పముగా, లేదా మిక్కిలి నీరు కలిపి త్రాగవలెను, ఈ నియమము తప్పినవానికి వాపు, నీరసము, మంట, మైకము కలుగునని హెచ్చరించినాడు. చరకుని మతమును ఇట్టిదే. పిమ్మట వాగ్భటుడు క్రొత్త మట్టిపాత్రలలో నుంచిన పానకములను, పాదిరిపూల వాసనగట్టి కర్పూరము కలిపిన చల్లని నీటిని వేసవికి విధించినాడు. మద్యమును వర్ణించుటకు వెనుదీయని శాస్త్రమే గ్రీష్మమున మనల మట్టికుండవైపు నడిపించుచున్నది.

తెలుగు కావ్యములును ఈ మాటనే చెప్పుచున్నవి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యాతిథ్యమును ఋతువులవారీగా వర్ణించుచు, వేసవి యతిథులకు పలుచని అంబలి, చెఱకురసము, లేతకొబ్బరినీరు, నీరుమజ్జిగ మొదలగువానిని పెట్టించినాడు. సామ్రాజ్య మేలిన రాజు ఎండకాలపు విందును తలచుకొన్నప్పుడు అతని కలమునకు అందినవి పేదయిల్లాలికిని అందు వస్తువులే యగుట గమనింపదగినది.

ఇక మా ప్రాంతపు వేసవి సంగతి. మా భీమడోలు ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమ రైలుమార్గముమీద నున్నది; 2022 సంవత్సరమునుండి ఏలూరు జిల్లాలో చేరినది. ఉత్తరమున ద్వారకాతిరుమల పోవు మెట్టభూములు, దక్షిణమున కొల్లేరు. కనుక మెట్టయెండయు, సరస్సు ఉక్కయు రెండును మా పాలబడినవి. ఉక్కలో చెమట పోయును గాని ఆరదు. ఆరని చెమట దేహమును చల్లబఱుపదు. పైగా వేసవిలో గోదావరి కాలువలు కట్టివేయుదురు. ముందుగా నింపుకొన్న చెరువుల నీటితో ఊళ్ళు వానకాలముదాక గడుపుకొనవలెను. కావున మాకు పానీయవిచారము నీటి విచారముతో మొదలగును.

కుండనీరు మంచిదే గాని, కుండలో పోసినంతమాత్రమున చెరువునీరు శుభ్రపడదు. కాచి చల్లార్చియో, వడపోత యంత్రమున పట్టియో పోయవలెను. కుండను గాలి తగులు చోట తడియిసుకపై నుంచిన చల్లబడును. నాలుగు వట్టివేళ్ళు కడిగి వేసినచో వాసన గట్టును. వారమున కొకసారి లోపల రుద్ది కడిగి ఎండబెట్టవలెను. మంచుగడ్డ విషయమున మా ప్రాంతమువారికి ఒక ప్రత్యేకమైన జాగ్రత్త అవసరము. కొల్లేటి చుట్టుపట్ల చేపల చెరువులు విస్తారము. చేపలను పెట్టెలలో సర్దుటకై దిమ్మెలకొలది మంచుగడ్డ తయారగుచుండును. అది త్రాగుటకు తగిన నీటితో చేసినదని నమ్మరాదు. వీధిబండ్లపై రంగునీళ్ళలో వేయు గడ్డ ఎక్కడిదో విచారింపక పిల్లలకు కొనిపెట్టవలదు.

ఉదయకాలమునకు మా ఓటు తరవాణికి. ఈ పేరు విన్నంతనే పెద్దవారికి నోరూరును. చిన్నవారు అదేమని అడుగుదురు. పూర్వము గోదావరి సీమలో తరవాణికుండ లేని వంటిల్లు అరుదు. బియ్యము కడిగిన రెండవ నీటిని, అన్నము వార్చిన గంజిని కడిగి యారబెట్టిన కుండలో పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి యుంచినచో రెండు మూడు దినములకు పులియును. ప్రతిదినము కావలసినంత తేటనీరు తీసికొని, మరల క్రొత్తగంజి పోయుచుండవలెను. ఆ తేటలో ఉప్పు, నలిపిన దబ్బాకు వేసి త్రాగవచ్చును. చలిదియన్నమున పోసికొని తినవచ్చును. సంస్కృతమున కాంజికమనునది ఈ జాతిలోనిదే. ద్రాక్షరసము పులిసి మద్యమగును, గంజి పులిసి తరవాణి యగును. అందు మత్తు ప్రధానము, ఇందు పులుపు ప్రధానము. పాతకుండ అడుగు తేట కొంచెము క్రొత్తకుండలో పోసి అత్తగారు కోడలికి అప్పగించు మర్యాదయు నుండెడిది. జిగటపడినను, బూజు కనబడినను, దుర్వాసన పుట్టినను మాత్రము సందేహింపక పాఱబోయవలెను.

ఈ కుండ ఎందుకు మాయమైనదని మేము విచారించితిమి. అనాగరికమని ఎవరును త్రోసివేయలేదు. ప్రెషర్ కుక్కరు వచ్చినది. అన్నము వార్చుట పోయినది. గంజి లేదు గనుక తరవాణి లేదు. మేము వేసవి రెండు నెలలు మాత్రము ఒకపూట అన్నము వార్చుచున్నాము. ఖర్చు ఒక కుండ వెల.

ప్రొద్దెక్కిన పిమ్మట మజ్జిగకు సాటి లేదు. భావమిశ్రుడు తన భావప్రకాశములో పెరుగు చిలికిన పానీయమును ఐదు తెగలుగా విభజించినాడు. మీగడతో నీరు లేక చిలికినది ఘోలము. మీగడ తీసి నీరు లేక చిలికినది మథితము. నాలుగవ వంతు నీరు చేర్చినది తక్రము. సగము నీరు చేర్చినది ఉదశ్విత్తు. వెన్న తీసి విస్తారముగ నీరు చేర్చినది ఛచ్ఛిక. వేసవికి మేము కోరునది ఈ కడపటిది. వెన్న తీసిన తరువాత మిగిలినది గనుక ఖర్చును దానికే తక్కువ. గ్లాసు పెరుగునకు ఐదు గ్లాసుల నీరు, తగినంత ఉప్పు, నలుగగొట్టిన అల్లము, కరివేపాకు, ఉన్నచో ఒక దబ్బాకు వేసి, ఉదయపు చలువలో చిలికి కుండలో నుంచుకొన్నచో మధ్యాహ్నముదాక నిలుచును. ఒక కొబ్బరిబొండాము వెలతో ఇంటిల్లిపాదికి సరిపోవు మజ్జిగ తయారగును.

అపరాహ్ణమునకు పానకము. శ్రీరామనవమికి ఒకనాడు చేసి ఏడాదిపాటు మఱచిపోవుట మన యలవాటు. మంగళగిరి పానకాలస్వామి నిత్యము పానకమే ఆరగించునని ప్రసిద్ధి; భక్తుడు తెచ్చినదానిలో సగము పుచ్చుకొని సగము ప్రసాదముగ విడుచునని చెప్పుదురు. దేవునకు నిత్యమైనది మనకు సంవత్సరమున కొక దినమేల? లీటరు నీటికి నూఱు గ్రాముల బెల్లము, అరచెంచా మిరియపుపొడి, చిటికెడు శొంఠి, నాలుగు ఏలకులు చాలును. బెల్లము నల్లగా నుండుటకు వెఱవవలదు. మిక్కిలి తెలుపుపచ్చని కాంతి గల బెల్లమునకు రంగు విఱుచు మందు వేయుట కలదు. ముదురురంగుది కొనుటయే క్షేమము. కరగించి తప్పక వడకట్టవలెను. మధుమేహము గలవారికి మాత్రము పానకము పనికిరాదు; వారికి మజ్జిగయే గతి, సద్గతియును.

పులుపు విషయమున వెల చూచుకొనవలెను. ఏలూరు నిమ్మకాయల బజారు పేరుగన్నది. మా మెట్టగ్రామములలో నిమ్మతోటలు కలవు. అయినను ఎండకాలమున కాపు తక్కువై, అక్కఱ ఎక్కువై నిమ్మ వెల మండును. 2022 ఏప్రిల్ నెలలో ఒక్క కాయ పదిరూపాయలు పలికిన దినములు మన మెఱుగుదుము. తోటల నడుమ నున్న మేమే కాయను చూచి వెనుదిరిగితిమి. అట్టివేళ నిమ్మకై పట్టుబట్టనేల? గాలివానకు రాలిన పచ్చిమామిడికాయలు నూజివీడు ప్రాంతమునుండి గంపలకొలది చౌకగా వచ్చును. వానిని ఉడికించి, గుజ్జు పిసికి, బెల్లము, ఉప్పు, వేయించిన జీలకఱ్ఱపొడి చేర్చి, చల్లని నీటిలో కలిపినచో నిమ్మరసమును తలదన్నును. అదియు లేనప్పుడు చింతపండు ఉండనే యున్నది. నిమ్మకాయలు చౌకగానున్న దినములలో రసము తీసి చక్కెరపాకమున నిలువజేసికొనుట ముందుచూపు. పిండునప్పుడు తొక్కను నలిపివేసినచో చేదు దిగునని క్రొత్తగా కాపురమునకు వచ్చినవారు జ్ఞాపకముంచుకొందురు గాక.

సాయంకాలమునకు తాటిముంజలు. చేలగట్లపై తాడిచెట్లు గల సీమ మాది. వేసవిలో ముంజలమ్ములు గెలలు మోసికొని వచ్చుట చూడ ముచ్చటగా నుండును. తాటిచెట్టు ఇచ్చు మఱియొక పానీయమును గుఱించియు నిష్పక్షపాతముగ చెప్పవలెను. సున్నము పూసిన కుండలో రాత్రి పట్టి సూర్యోదయమునకు ముందు దింపిన రసము నీరా; అది తియ్యనిది, మత్తులేనిది. సున్నము పులియుటను అడ్డును. ప్రొద్దెక్కి పులిసినచో అదియే కల్లు. ఒకే చెట్టు, ఒకే రసము. నడుమ నున్నది కొన్ని గంటలును, కొంచెము సున్నమును. గాంధీమహాత్ముడు గీతపనివారి జీవనము చెడకుండ తాటిబెల్లమును, నీరాను ప్రోత్సహింపవలెనని కోరినది ఇందుకే. తెల్లవారకముందే తెచ్చి యిచ్చు నమ్మకమైన వాడున్నచో నీరా త్రాగుటకు సంకోచింప నక్కఱలేదు.

కొనుక్కొను పానీయములన్నియు విషములని మేము చెప్పము. గోళీసోడాలో ఉప్పు, నిమ్మరసము పిండుకొని త్రాగినచో ప్రయాణపు బడలిక తీరును. 1919లో రామచంద్రపురమున పునాదిపడిన సోడావ్యాపారమునుండి పెరిగిన ఆర్టోస్ గోదావరి జిల్లాల పెండ్లివిందులలో ఎన్ని తరములవారికో తెలిసినదే. సుగంధిపాలవేళ్ళ పానకము వాసనకే సగము దాహము తీర్చును. కాని మూడువందల మిల్లీలీటర్ల తీపి సీసాలో ముప్పది గ్రాములకు పైగా చక్కెర తఱచుగా నుండును. సీసాపై వ్రాసియుండు అంకెలను చదువుట మనకు చేతనగును గదా! అది వేడుకకు ఒకనాడు త్రాగునది గాని దినదినము దాహమునకు త్రాగునది కాదు.

ఇక దేహస్థితి. చెమటతో నీరే గాక ఉప్పును పోవును. పొలమున, ఇటుకబట్టీలలో, చేపల చెరువులపై పనిచేసి వచ్చువారికి ఒట్టినీరు కంటె ఉప్పువేసిన మజ్జిగయో గంజియో మేలు. రక్తపుపోటు గలవారు ఉప్పును, మూత్రపిండముల వ్యాధి గలవారు కొబ్బరినీటిని వైద్యు నడిగియే పుచ్చుకొనవలెను. వాంతులు, విరేచనములు పట్టినవారికి కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలిచి కలిపి కొంచెము కొంచెముగ పట్టవలెను, కొలత తప్పరాదు. ఎండలో తిరిగినవాని ఒడలు కాలుచు, మాట తడబడుచు, తెలివి తప్పుచున్నచో అది పానీయముతో తీరు వ్యవహారము కాదు. నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒడలు చల్లార్చుచు వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రదేశమున వేయిమందికి పైగా ప్రాణములు విడిచిరి. వారిలో పెక్కుమంది కూలిపనులవారును, వృద్ధులును. చలివేంద్రము పెట్టుట పుణ్యమని మన పూర్వులు ఊరక చెప్పలేదు. తోటయున్నవారే పెట్టవలెనని నియమము లేదు. గుమ్మము ప్రక్క కుండయు, లోటాయు నుంచినను చలివేంద్రమే.

ఈ విద్య మాకు అక్కఱకు వచ్చిన సందర్భ మొకటి చెప్పెదము. క్రిందటి వైశాఖమున మా బావగారి కుమార్తె నిశ్చితార్థము మా యింట జరిగినది. బావగారు గతించినందున భారము మావారిది. ఎనుబదిమంది వత్తురని లెక్క. ముహూర్తమునకు నాలుగు దినములు ముందు, పెండ్లికొమారుని వైపు యువకులకు 'ఏదైన ఏర్పాటు' చేసినగాని మర్యాదగా నుండదని మధ్యవర్తిచే వర్తమానము వచ్చినది. ఆ ఏర్పాటు ఏమిటో విడమఱచి చెప్ప నక్కఱలేదు. లెక్క వేయగా మావారి నెలజీతమున సగము అయినది. మావారు ఆ రాత్రి నిదురపోలేదు. పిల్లలకు పాఠము చెప్పు చేతితో ఆ సీసాలు కొనుట ఎట్లని యొక బాధ. కాదన్నచో ఆడపిల్ల సంబంధము చెడునేమో యని యొక బాధ. పిల్ల మాత్రము, "పిన్నీ, ఈ మాటకు తప్పిపోవు సంబంధమైతే ఇప్పుడే తప్పిపోనిండు" అన్నది. ఆ మాటతో మాకు ధైర్యము వచ్చినది. మధ్యవర్తితో కుదరదని వినయముగా చెప్పించితిమి.

కాదన్నంత మాత్రమున చాలదు. అతిథులు దాహముతో నుండరాదు. సావడిలో నాలుగు క్రొత్తకుండలు వరుసగా నుంచితిమి: ఒకదానిలో అల్లపు మజ్జిగ, ఒకదానిలో పానకము, ఒకదానిలో పచ్చిమామిడి, ఒకదానిలో సుగంధిపాల. పెద్దవారికై వంటింట తరవాణి. మొత్తము ఖర్చు పదునైదువందల రూపాయలు దాటలేదు. యువకులలో కొందఱు మధ్యలో బజారువైపు పోయి ప్రొద్దుపోయి వచ్చిరి. మేము చూచియు చూడనట్లుంటిమి. కాని మిగిలినవారు పచ్చిమామిడి కుండను మూడుసార్లు నింపించిరి. పెండ్లికొమారుని మామ్మగారు తరవాణి రుచి చూచి, తాము కాపురమునకు వచ్చిన నాటి కుండను తలచుకొని, అది ఎట్లు చేసితివని మమ్ము దగ్గర కూర్చుండబెట్టుకొని అడిగిరి. సంబంధము నిలిచినది. నిలువకున్నను మేము చేసినది తప్పని తలచియుండము.

ఈ విషయమున ఆంధ్రస్త్రీలకు ఒక చరిత్ర కలదని మఱువరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాకొట్టును మూయించిరి. ఆ యుద్యమము జిల్లాలు దాటి ప్రాకినందున 1993 అక్టోబరునుండి సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలిపోయినది. చట్టము వచ్చును, పోవును. ఇంటి గడపలోపల ఏది మర్యాద, ఏది కాదు అను నిర్ణయము మాత్రము మనచేతిలోనిదే.

చివర మాట మన దాహమును గుఱించియే. ఇంటిల్లిపాదికిని పోసి, కుండ అడుగున మిగిలినది త్రాగుట మన స్త్రీలకు అలవాటు. పొయ్యియెదుట నిలిచి అందఱికంటె చెమటయోడ్చునది మనమే. అంతకంటె విచారకరమైన దొకటి కలదు. బస్సుప్రయాణములలో, కచ్చేరీలలో, పాఠశాలలలో తగిన మఱుగుదొడ్డి యుండదని వెఱచి ఉదయమునుండి సాయంకాలముదాక గుక్కెడు నీరు త్రాగని స్త్రీలు వేలకొలది యున్నారు. సిగ్గుచే ఈ మాట పైకి రాదు. మూత్రవ్యాధులుగ మాత్రము బయటపడుచున్నది. మీ పిల్ల చదువు బడిలో ఈ వసతి సరిగా నున్నదో లేదో తల్లులు విచారించి, లేనిచో నలుగురు కలిసి అడుగుట ఏ పానకము చేయుటకంటెను ముందు పని.

కావున సోదరీమణులారా! ఈ వేసవిలో మజ్జిగ చిలికినప్పుడు మొదటి గ్లాసు మీరే త్రాగుడు. ఉప్పు సరిపోయినదో లేదో రుచి చూచుటకే యని పైకి చెప్పినను దోషము లేదు.